దింపినంత సులువుగా తీయలేదు: ఒక సక్షన్ బకెట్ సర్వీసు మీద నా రివ్యూ

రేటింగు ముందే చెప్పేస్తాను. ప్లాట్‌ఫారం కాళ్ల కింది ఉక్కు బకెట్లని సముద్రం అడుగు మట్టిలోకి దింపినందుకు ఐదుకి నాలుగున్నర, తిరిగి తీసినందుకు మూడు. కంపెనీ ఒకటే, పంపులు కూడా అవే. మధ్యలో ఆరేళ్లు గడిచాయి, అంతే తేడా. ఆ కంపెనీ పేరు రాయను. ఈ పని చేసేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే ఉంటారు, రేపు మళ్లీ వాళ్లతోనే ఓడ ఎక్కాల్సి రావచ్చు. పేరు లేకపోయినా ఈ రివ్యూ పనికొస్తుందనే నా నమ్మకం, ఎందుకంటే నేను చెప్పబోయే పొరపాటు ఎవరి దగ్గరైనా జరగగలిగేదే.

నేను చేసేది క్లయింట్ తరఫున ఓడ మీద కూర్చుని కాంట్రాక్టరు పని చూడటం. మొహం మీద క్లయింట్ రెప్ అంటారు, వెనకాల ఇంకేదో అంటారు. చదివింది మట్టి. ఓడ మీద అందరూ క్రేను గురించి, గాలి గురించి, అలల గురించి మాట్లాడుకుంటుంటే, కింద బురద ఎలా ఉందని అడిగేవాడిని నేనొక్కడినే.

మాది నాలుగు కాళ్ల చిన్న ప్లాట్‌ఫారం, 82 మీటర్ల లోతు నీళ్లలో. ఒక్కో కాలి కింద ఒక్కో ఉక్కు బకెట్: వ్యాసం 6 మీటర్లు, ఎత్తు 9 మీటర్లు, గోడ మందం 3 సెంటీమీటర్లు. పైన మూత ఉంటుంది, కింద ఏమీ ఉండదు. గ్లాసుని బోర్లించి బురదలో గుచ్చినట్టు అనుకోండి. గుచ్చడానికి సుత్తి అక్కర్లేదు. ముందు సొంత బరువుకి కొంత దిగుతుంది. అంచు చుట్టూ మట్టి పట్టుకుని లోపలి నీళ్లకి బయటికి దారి లేకుండా పోయాక, మూత మీదున్న పంపుతో లోపలి నీళ్లు తోడతారు. లోపల ఒత్తిడి తగ్గుతుంది, బయట సముద్రం ఒత్తిడి ఎప్పటిలాగే ఉంటుంది. ఆ తేడాయే బకెట్‌ని కిందికి తొక్కుతుంది.

ఎంత బలంగా తొక్కుతుందో ఒక లెక్క చెప్తాను. 6 మీటర్ల మూత వైశాల్యం 28 చదరపు మీటర్ల పైచిలుకు. లోపలికి, బయటికి ఒక్క బార్ ఒత్తిడి తేడా తెచ్చినా మూత మీద దాదాపు 288 టన్నులు పడుతుంది. ఒక మామూలు నీళ్ల పంపు, ఒక గొట్టం, చేతిలో ఒక రిమోటు. అంతే సరంజామా. మొదటిసారి చూసినప్పుడు నాకు కాస్త నిరాశ కూడా కలిగింది. ఇంతకుముందు పైల్స్, అంటే సముద్రం అడుగులోకి దిగే ఉక్కు స్తంభాలు, కొట్టే ఓడల మీద పనిచేశాను. అక్కడ సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా టేబుల్ మీద కప్పు జరిగేది. ఇక్కడ ఒక స్క్రీను మీద అంకెలు మారుతుంటాయి, పక్కన ఒకడు ఆవలిస్తుంటాడు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1980ల మొదట్లోనే ఉత్తర సముద్రంలో, డెన్మార్క్ వైపు గోర్మ్ చమురు క్షేత్రంలో ఇలాంటివి డజను లంగర్లుగా వాడారు. 1995 జనవరి 1న నార్వే వైపు డ్రౌప్నర్ ప్లాట్‌ఫారం దగ్గర 25.6 మీటర్ల రాక్షస అల రికార్డయింది కదా, దాని గురించి విననివాళ్లు మా రంగంలో ఉండరు. ఆ అలని తట్టుకున్న జాకెట్ (ప్లాట్‌ఫారాన్ని మోసే ఉక్కు చట్రం) ముందు సంవత్సరమే బకెట్ల మీద నిలబడింది. జాకెట్ కాళ్లకి బకెట్లు తొడగడం అదే మొదలు. మా మేనేజరు "ఇది నమ్మొచ్చా?" అని అడిగినప్పుడు నేను చెప్పిన జవాబు ఆ అలే.

మేము దీన్నే ఎంచుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. ఆ ప్లాట్‌ఫారం అక్కడ ఉండాల్సింది ఆరేళ్లే. తర్వాత దాన్ని పీకి ఇంకోచోట పెట్టాలని మొదటి రోజునే అనుకున్నాం. పైల్స్ కొడితే తీసేటప్పుడు లోపలికి కటింగ్ పరికరం దింపి, ఇసుక కలిపిన నీటి ధారతో సముద్రం అడుగుకి కొన్ని మీటర్ల కింద కోసి, పై ముక్క పట్టుకెళ్లి, కింది ముక్కని మట్టిలోనే వదిలేయాలి. ఆ పైలు మళ్లీ పనికిరాదు. బకెట్ అయితే పంపుని తిరగేసి నీళ్లు లోపలికి కొడితే అదే పైకి లేస్తుంది. కంపెనీ వాళ్లు బ్రోషర్లో రాసిందీ అదే: ఒక బొమ్మలో బాణం గుర్తు కిందికి, పక్క బొమ్మలో పైకి. రెండు బాణాలూ ఒకే సైజు. ఆ బొమ్మ మీదే నా ఫిర్యాదంతా.

ముందు దింపిన రోజు గురించి చెప్తాను, ఎందుకంటే అది నిజంగా బాగా చేశారు.

పొద్దున నాలుగింటికి క్రేను ప్లాట్‌ఫారాన్ని అడుగుకి ఆనించింది. మూతల మీద హ్యాచ్‌లన్నీ, అంటే నీళ్లు పోయే కంతల తలుపులన్నీ, తెరిచే ఉంచారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. హ్యాచ్‌లు మూసి దింపితే లోపలి నీళ్లు పోయే దారి లేక అంచు కింద నుంచి ఎగజిమ్ముతాయి, బకెట్ కూర్చోవాల్సిన చోటే గొయ్యి పడుతుంది. తొందరపడే సిబ్బంది ఇక్కడే పని చెడగొడతారు. వీళ్లు మట్టిని తాకడానికి ముందు క్రేను వేగాన్ని ఎంత తగ్గించారంటే, నేను రెండుసార్లు ఆగిపోయిందేమో అనుకున్నాను. సొంత బరువుకి 5 మీటర్లు దిగింది. నా లెక్కలో 5న్నర. అర మీటరు తేడాకి నేను మొహం ముడుచుకున్నాను కానీ, మట్టి లెక్కల్లో అది మంచి మార్కులే.

తర్వాత ఆర్‌ఓవీ (ఓడ మీంచి నడిపే నీటి అడుగు రోబో) వెళ్లి ఒక్కొక్క హ్యాచ్ మూసింది. పంపులు మొదలయ్యాయి. నాలుగు బకెట్లకి నాలుగు నిలువు గీతలు స్క్రీను మీద, ఒక్కోదాని కింద మూడు అంకెలు: ఎంత లోతు, ఎంత ఒత్తిడి, ఎంత నీరు పోయింది. పైన ఒంపు చూపించే డిగ్రీలు. మాకిచ్చిన హద్దు అర డిగ్రీ. వినడానికి చిన్నదే కానీ, కాళ్ల మధ్య 20 మీటర్ల దూరం ఉంటే అర డిగ్రీ అంటే ఒక కాలు రెండో కాలికంటే 17 సెంటీమీటర్లు కిందికి పోయినట్టు. ఒకసారి అంతా దిగాక సరిచేయడం గగనం. అందుకని దిగుతున్నంతసేపూ ఎటు లేస్తే అటు పంపు పెంచడం, ఎటు కుంగితే అటు తగ్గించడం. నాలుగు కాళ్ల మంచాన్ని ఒకేసారి నలుగురు మోస్తున్నట్టే. ఒకడు తొందరపడితే మిగతా ముగ్గురి నడుం పోతుంది.

ఆ రిమోటు పట్టుకున్న కుర్రాడు తెలుగువాడని మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. మూడో బకెట్ కాస్త వెనకబడితే వాడిలో వాడే "రావమ్మా, రా" అనుకుంటున్నాడు. నేను తల తిప్పాను. వాడు నాలుక కరుచుకుని, "సారీ సార్, అలవాటు" అన్నాడు.

"దానికి చెప్తే వింటుందా?" అన్నాను.

"పంపు పెంచితే వింటుంది సార్. కానీ పెంచితే మిగతావి అలుగుతాయి."

నేను చదివిన పుస్తకాల్లో నాలుగు పేజీలు పట్టిన సంగతి వాడు ఒక్క మాటలో తేల్చేశాడు.

గంటకి మీటరు చొప్పున దిగింది. చివర్లో 0.7 బార్ పట్టింది, మేమనుకున్నది 0.8. ఇక్కడ కొత్తవాళ్లకి ఒక మాట. బంకమట్టి అయితే దానికి కాస్త ఓర్పుగా ఒత్తిడి పెంచుకుంటూ పోవచ్చు. ఇసుక అయితే కథ వేరు. నీళ్లు తోడుతుంటే బయటి నీరు ఇసుక గుండా అంచు కింద నుంచి లోపలికి పారుతుంది. ఆ పారుదల అంచు దగ్గర ఇసుకని వదులు చేసి పని సులువు చేస్తుంది. అత్యాశకి పోయి ఇంకా గట్టిగా తోడితే లోపలి ఇసుక ఉడుకుతున్న అన్నంలా లేచి దారులు పడిపోతుంది, అంతటితో పట్టు పోయినట్టే. గోడకీ ఒక హద్దుంది. 2005లో జర్మనీలో విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర గాలిమర కోసం 16 మీటర్ల వ్యాసం ఉన్న ఒంటి బకెట్ దింపుతుంటే మధ్యలో దాని గోడ నలిగి మడతపడిపోయింది. అంత పెద్ద డబ్బాకి గోడ మందం సెంటీమీటర్లలోనే ఉంటుంది మరి. ఖాళీ నూనె డబ్బాలోంచి గాలి పీలిస్తే ఏమవుతుందో అదే. లోతు తక్కువ నీళ్లలో ఇంకో చిక్కు: ఎంత పెద్ద పంపు పెట్టినా ఒక స్థాయి దాటి పీల్చలేరు, నీరే ఆవిరై బుడగలు కడుతుంది. మాకు 82 మీటర్లు ఉంది కాబట్టి ఆ బాధ లేదు.

ఇక మిగిలింది 30 సెంటీమీటర్లు అనగా అసలు చూడాల్సింది స్క్రీను కాదు, పంపు మూతి. ఆర్‌ఓవీ కెమెరాలో అంతసేపూ స్వచ్ఛమైన నీళ్లు వస్తుంటే ఏమీ కనిపించదు, నీళ్లలో నీళ్లు ఏం కనిపిస్తాయి? రెండో బకెట్ దగ్గర ఉన్నట్టుండి పాలలో డికాషన్ కలిసినట్టు ఒక మసక పాయ బయటికి వచ్చింది. అంటే లోపలి మట్టి పైకుబికి మూతని తాకబోతోంది. గోడ దిగేటప్పుడు అది తొక్కిన మట్టి ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. అంతా లోపలికే వస్తే 9 మీటర్లకి 18 సెంటీమీటర్లు ఉబుకుతుంది. కుర్రాడు నేను నోరు తెరిచేలోపే పంపు తగ్గించాడు. 8.8 దగ్గర ఆపారు. డ్రాయింగులో 9 అని ఉందని సూపర్‌వైజరు ఇంకో పది సెంటీమీటర్లు లాగబోతే, షిఫ్ట్ మేనేజరు వద్దన్నాడు. మంచి నిర్ణయం. లాగినా వచ్చేది లేదు, మట్టి చెదరడం తప్ప.

ఆఖరి ఒంపు 0.2 డిగ్రీలు. పంపులు నడిచింది మొత్తం ఐదు గంటలు. సుత్తి లేదు, కాబట్టి శబ్దం గొడవా లేదు. పైల్స్ కొట్టే చోట చేపలకీ తిమింగలాలకీ చెవులు పోతాయని చాలా దేశాలు హద్దులు పెట్టాయి. జర్మనీలో అయితే పైల్ కొట్టే చోటికి 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ శబ్దం 160 డెసిబెల్స్ దాటకూడదు. అందుకోసం చుట్టూ గాలి బుడగల తెర వేసే ఓడ ఇంకోటి తెచ్చుకోవాలి. మాకు ఆ ఓడే అక్కర్లేకపోయింది.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే కాగితాల కోసం. ఒత్తిడి, లోతు, నీటి పరిమాణం అన్నీ ప్రతి సెకనుకీ కంప్యూటర్లో రికార్డయ్యాయి, నా కళ్లతో చూశాను. మాకు ఇచ్చిన రిపోర్టులో మాత్రం పది నిమిషాలకో అంకె, అందులోనూ రెండు బకెట్లవి ఒకే గ్రాఫులో ఒకే రంగులో. అసలు ఫైలు ఇవ్వమని మెయిల్ పెట్టాను. పంపిస్తాం అన్నారు. ఆ "పంపిస్తాం" వయసు ఇప్పుడు ఆరేళ్లు దాటింది.

ఆరేళ్లలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. ప్లాట్‌ఫారం నిలబడింది. ఏటా ఒకసారి ఆర్‌ఓవీ వెళ్లి చుట్టూ మట్టి కొట్టుకుపోయిందేమో చూసి వచ్చేది. పోలేదు.

ఇప్పుడు తీయడం.

తీయడానికీ వాళ్లనే పిలిచాం. దింపినవాళ్లకే తీయడం తెలుస్తుందని మీటింగులో గట్టిగా వాదించింది నేనే, కాబట్టి ఈ రివ్యూలో కొంత నా తిట్లు నాకే. ఓడ ఎక్కాక తెలిసిందేమిటంటే, వాళ్ల మేనేజరు తప్ప అప్పటి మనుషులెవరూ లేరు. ఇంతకుముందు దింపినప్పటి సెకను సెకను ఫైలు వాళ్ల ఆఫీసులో కూడా ఎవరికీ దొరకలేదు. నా దగ్గరున్న ఒకే రంగు గ్రాఫులనే వాళ్లూ ప్రింటు తీసుకుని వచ్చారు. నా కాపీ మీద నేను పెన్నుతో గీసిన గీతలు కూడా ప్రింటులో వచ్చాయి.

ఆ ఫైలు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. బంకమట్టిలో గోడ దిగేటప్పుడు పక్క మట్టి చెదిరి నీరునీరై మెత్తబడుతుంది. అందుకే 0.7 బార్‌తో పని అయిపోయింది. తర్వాత నెలల తరబడి ఆ నీరు నెమ్మదిగా పక్కకి ఇంకుతుంది, మట్టి మళ్లీ బిగుసుకుంటుంది, గోడని కరుచుకుంటుంది. దీన్ని ఓడ మీద సెటప్ అంటారు. అంటే తీసేటప్పుడు పట్టే బలం దింపినప్పటికంటే ఎన్నో రెట్లు ఉండొచ్చు. ఎన్ని రెట్లు అనేది అంచనా వేయాలంటే, దింపేటప్పుడు ప్రతి అడుగులో ఎంత పట్టిందో తెలియాలి. బ్రోషర్లో రెండు బాణాలూ ఒకే సైజు వేసినవాడికి ఈ మాట ఎవరూ చెప్పలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు కదా. మేము ఆరేళ్లు అడుసులోనే నిలబడ్డాం, అది కాలుని ఊరికే వదులుతుందా.

మొదటి రోజంతా గుల్లలు గీకడంతోనే సరిపోయింది. పంపు గొట్టం తగిలించే మూతి ఒకటి ప్రతి బకెట్ మీదా ఉంటుంది. ఆర్‌ఓవీ చేతిలోని పిడిని అందులోకి దూర్చితే కనెక్షన్ అయిపోవాలి. దానికి రబ్బరు టోపీ పెట్టి వెళ్లి ఉంటే పది నిమిషాల పని. మూడింటికి పెట్టారు. నాలుగోదానికి లేదు. దానిలోపల సముద్రం తన ఇల్లు కట్టుకుంది: తెల్లని గుల్లలు ఒకదాని మీద ఒకటి, మధ్యలో ఏదో నారింజ రంగు మెత్తటి జీవి. ఆర్‌ఓవీ పైలట్ వైరు బ్రష్షుతో, తర్వాత నీటి జెట్‌తో ఐదు గంటలు తవ్వాడు. వాల్వు ఎటు తిప్పితే తెరుచుకుంటుందో చెప్పే పసుపు పెయింటు ఎప్పుడో రాలిపోయింది. "సవ్యదిశే అయ్యుంటుంది" అని ఒకరు, "కాదు" అని ఒకరు. డ్రాయింగులో చూస్తే రెండు రివిజన్లు, రెండింట్లో రెండు దిశలు.

రెండో రోజు పంపు మొదలుపెట్టారు. ప్లాట్‌ఫారం నీళ్లలో బరువు 900 టన్నులు. అందులో ముక్కాలు వంతు క్రేను మీదికి తీసుకున్నారు, మిగతాది లోపలి ఒత్తిడి లేపాలి. ఒక బార్. ఏమీ లేదు. ఒకటిన్నర. ఏమీ లేదు. ఇది మామూలే. ఒక్కో మెట్టు దగ్గర అరగంట ఆగాలి, మట్టికి టైమివ్వాలి. రెండు బార్ దాటగానే మూడో బకెట్ అంకె పడిపోయింది. 2.1 నుంచి 1.2. నీళ్లు మాత్రం లోపలికి పోతూనే ఉన్నాయి. ఎక్కడికి పోతున్నాయి?

ఆర్‌ఓవీ వెళ్లి చూస్తే హ్యాచ్ అంచు నుంచి నీళ్లు చిమ్ముతున్నాయి. దాని చుట్టూ ఇసుక రేణువులు దీపావళి మతాబులా ఎగురుతున్నాయి. కెమెరాలో అందంగానే ఉంది. గదిలో మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

నా అసలు ఫిర్యాదు ఇదే. ఆ హ్యాచ్ తలుపు మూతకి పైన కూర్చుంటుంది. దింపేటప్పుడు లోపల ఒత్తిడి తక్కువ, బయట ఎక్కువ. సముద్రమే ఆ తలుపుని కిందికి అదిమి పెడుతుంది. ఎంత గట్టిగా పీలిస్తే అంత గట్టిగా మూసుకుంటుంది. కాబట్టి దాన్ని పట్టి ఉంచడానికి రెండు చిన్న గొళ్లాలు చాలనుకున్నారు. తీసేటప్పుడు అంతా తలకిందులు. ఇప్పుడు లోపలి ఒత్తిడి అదే తలుపుని పైకి తోస్తుంది. హ్యాచ్ వ్యాసం 80 సెంటీమీటర్లు. రెండు బార్ దగ్గర దాని మీద పది టన్నుల తోపుడు. రెండు గొళ్లాలకి, ఆరేళ్లు ఉప్పునీళ్లలో నానిన రబ్బరుకి. తీయడం కూడా కాంట్రాక్టులోనే ఉంది, మొదటి రోజు నుంచీ ఉంది. డ్రాయింగు మీద సంతకాలు పెట్టిన ఐదుగురిలో ఒక్కరూ బాణాన్ని తిప్పి చూడలేదు. ఐదో సంతకం నాది. మట్టి ఇంజనీరుని, హ్యాచ్ నా పని కాదనుకున్నాను.

అక్కడి నుంచి రెండు రోజులు ఓడ ఊరికే నిలబడింది. ఇంత పెద్ద క్రేను ఓడ ఊరికే నిలబడటం అంటే ఏమిటో ఆ రంగంలో ఉన్నవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. డెక్ మీద వెల్డర్లు ఉక్కు పట్టీలతో నాలుగు పెద్ద బిగింపులు తయారుచేశారు. హ్యాచ్ మీద అడ్డంగా వేసి రెండు చివర్లా మూత అంచుకి కరిపించేలా. రాత్రంతా నిప్పురవ్వలు. ఇక్కడ ఆ సిబ్బందిని మెచ్చుకోవాలి. డ్రాయింగు లేదు, ఆఫీసు నుంచి మెయిల్ వచ్చేసరికి మొదటిది తయారైపోయింది. ముందు డెక్ మీదే ఒక తొట్టి మూతకి బిగించి జాకీతో తోసి పరీక్షించారు. సాయంత్రం షిఫ్టు ఫోర్‌మన్ నా దగ్గరికొచ్చి, "మీరు సంతకం పెట్టాలి" అన్నాడు. ఈసారి బాణం రెండువైపులా గీసి చూసుకుని పెట్టాను.

నాలుగో రోజు తెల్లవారుజామున మళ్లీ పంపు. రెండు బార్. రెండున్నర. హ్యాచ్‌లు పొడిగా ఉన్నాయని పైలట్ అన్నాడు. 80 మీటర్ల లోతులో పొడిగా ఉండటమేమిటని ఎవరో నవ్వారు, ఆ రోజుకి అదే మొదటి నవ్వు. 2.7 దగ్గర ఆపి కూర్చున్నాం. నలభై నిమిషాలు. నేను లెక్క వేసింది 2.5 నుంచి 3.2 మధ్య. అంత వెడల్పు అంచనాని అంచనా అనకూడదని మేనేజరు గొణిగాడు. నిజమే. ఆ ఫైలు ఉంటే ఇంకా ఇరుకుగా చెప్పేవాడిని, ఆ మాట అతనితోనే అన్నాను.

అప్పుడు ఒకటో బకెట్ అంకె 8.80 నుంచి 8.79 అయింది. ఒక్క సెంటీమీటరు. అది సెన్సారు వణుకు కావచ్చని ఎవరూ ఊపిరి పీల్చలేదు. 8.78. 8.76. తర్వాత మూడోది. కదలడం మొదలవగానే ఒత్తిడి దానంతటదే తగ్గడం మొదలైంది, మట్టి పట్టు ఒకసారి తెగితే మళ్లీ వెంటనే అతుక్కోదు. బురదలో దిగిన కాలు కూడా అంతే, మొదటి కుదుపుకే ప్రాణం పోయినంత పనవుతుంది.

ఇక్కడ వాళ్ల పంపు మనిషికి పూర్తి మార్కులు. బకెట్ లేవడం మొదలవగానే అందరికీ త్వరగా అయిపోవాలనిపిస్తుంది. అతను మాత్రం గంటకి అర మీటరు మించనివ్వలేదు. చివరి రెండు మీటర్లు మరీ ప్రమాదం. గోడ మట్టిలో తక్కువే ఉంటుంది కాబట్టి లోపలి నీరు అంచు కింద నుంచి బయటికి దారి చేసుకుంటుంది, ఒత్తిడి ఠక్కున పోతుంది. ఆ క్షణంలో బరువంతా క్రేను మీద పడాలి. అప్పటికి క్రేను సిద్ధంగా లేకపోతే కుదుపు, ఎక్కువ లాగుతూ ఉంటే ఎగిరి పడటం. అతను 2.3 మీటర్ల దగ్గరే పంపు సగానికి తగ్గించి, క్రేను ఆపరేటర్‌ని వైర్‌లెస్‌లో పిలిచి, ఇక నుంచి నువ్వే అన్నాడు. 1.6 దగ్గర రెండో బకెట్ పక్క నుంచి బూడిద రంగు మబ్బు లేచింది. క్రేను వైరు ఒక్కసారి మూలిగింది. అంతే, వచ్చేసింది.

పైకి తెచ్చాక ఇంకో చిక్కు, ఇది వాళ్ల తప్పు కాదు కానీ వాళ్లు ముందే చెప్పాల్సింది. మట్టి ముద్ద మొత్తం కింద ఉండిపోతుందని అనుకుంటాం. రెండు బకెట్లలో అడుగునే ఉండిపోయింది. మిగతా రెండింటిలో గోడలకి అంటుకుని కొంత వచ్చేసింది. క్రేను బరువు చూపే అంకె మా అంచనా కంటే 110 టన్నులు ఎక్కువ. అదృష్టం కొద్దీ క్రేనుకి అంత జాగా ఉంది. బార్జి మీద పెట్టాక నీటి గొట్టాలతో కడగడానికి ఇంకో పూట.

మరి పైల్స్ వేసి ఉంటే నయమా? నేననను. తీయడం ఎవరికీ సులువు కాదు. నెదర్లాండ్స్‌లో 1994 నాటి లేలీ గాలిమరల పైల్స్‌ని 2016లో వైబ్రేటర్లతో వణికించి మొత్తంగా పీకేశారు. అవి చిన్నవి, నాలుగే. డెన్మార్క్‌లో 1991 నాటి విండెబీ 11 గాలిమరల కింద కాంక్రీటు దిమ్మలని 2017లో అక్కడికక్కడే పగలగొట్టి ముక్కలుగా ఎత్తారు. తీయడం సంగతి తర్వాత చూద్దాం అనుకున్న కాలం కూడా ఒకటుంది. 1989లో అంతర్జాతీయ సముద్ర సంస్థ మార్గదర్శకాలు పెట్టాక, 1998 నుంచి నిలబెట్టిన వాటిలో 100 మీటర్ల లోపు నీళ్లలో, 4,000 టన్నుల లోపు బరువున్నవి పూర్తిగా తీసేయాలన్నది నియమం. అంటే మాలాంటి ప్లాట్‌ఫారాలన్నీ. తీయడం ఇష్టానికి వదిలేసిన విషయం కాదు, మొదటి డ్రాయింగులోనే ఉండాల్సిన విషయం. పైగా మా బకెట్లు వంకర లేకుండా వచ్చాయి. గోడలో ఒక్క నొక్కు లేదు, లోపలి పెయింటు మీద ఫ్యాక్టరీ వాళ్ల సుద్ద రాతలు కూడా కనిపిస్తున్నాయి. కోసిన పైలు అయితే తుక్కే.

కాబట్టి ఈ సర్వీసు ఎవరికి? ఏళ్లు గడిచాక చోటు మార్చాల్సినవాళ్లకి, శబ్దం హద్దులున్న చోట పని చేసేవాళ్లకి, ఇసుకో బంకమట్టో ఒకే తీరుగా ఉన్న చోట అయితే కళ్లు మూసుకుని. బండరాళ్లు కలిసిన మట్టి అయితే వద్దు, గోడ అంచు రాయి మీద కూర్చుంటే పంపు ఏమీ చేయలేదు. వీళ్లనే పిలవాలా అంటే, ఓడ మీద మనుషుల కోసం పిలవండి. ఆఫీసు కోసం వద్దు. పిలిస్తే మాత్రం రికార్డుల అసలు ఫైలు చేతికి రానిదే చివరి బిల్లు ఇవ్వకండి, గొట్టం మూతులన్నిటికీ టోపీలు పెట్టిన ఫోటో చూడకుండా ఓడని వదలకండి. వాల్వు దిశ పెయింటుతో కాదు, ఉక్కులో చెక్కించండి. ఇవన్నీ కలిపితే ఒక్క పూట పని.

బకెట్లు ఇప్పుడు కొత్త చోటుకి సిద్ధమవుతున్నాయి, మళ్లీ అదే కంపెనీ. పోయిన వారం హ్యాచ్ కొత్త డ్రాయింగు వచ్చింది. గొళ్లాలు తీసేసి బోల్టులు పెట్టారు. నేను ఎనిమిది అడిగాను, నాలుగు గీశారు. సంతకం ఇంకా పెట్టలేదు.